కాఫీ హోటలు

ఒక సమాజం తన సభ్యులను ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే అది వారికి అన్నం పెట్టే చోటును పరిశీలించాలి. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినాలి, ఎవరు వండినది ఎవరు ముట్టాలి, ఎవరు తాగిన గ్లాసులో ఎవరు తాగాలి అనే ప్రశ్నలకు మన దేశంలో శతాబ్దాలపాటు కులమే సమాధానం చెప్పింది. ఆ సమాధానాన్ని మార్చడంలో బడికీ, రైలుబండికీ ఉన్నట్లే వీధి మలుపులోని కాఫీ హోటలుకు కూడా ఒక పాత్ర ఉంది.

డబ్బు తీసుకొని భోజనం పెట్టే వాడుక తెలుగునాట కొత్తది కాదు. కాకతీయుల కాలపు ఓరుగల్లును వర్ణించే 'క్రీడాభిరామం'లో ఒక రూకకు భోజనం పెట్టే పూటకూటింటి వర్ణన ఉంది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఒక పాత్ర. అయితే పూటకూటిల్లు ప్రధానంగా బాటసారికీ, ఇల్లు విడిచి వచ్చినవాడికీ ఆశ్రయం. ఊరిలో సొంత ఇల్లున్న మనిషి ఉదయాన్నే బయటకు వెళ్ళి ఫలహారం చేసే అలవాటు తరువాతి కాలానిది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో కాఫీ సేవనం వ్యాపించింది. పట్టణాలలో కోర్టులు, కచేరీలు, కళాశాలలు పెరిగాయి. తెల్లవారగానే పనికి వెళ్ళవలసినవారి సంఖ్య ఎక్కువైంది. ఇంట్లో చద్దన్నం తినే చోట వీధిలో ఇడ్లీ, కాఫీ వచ్చి చేరాయి. కన్నడదేశపు ఉడిపి ప్రాంతం నుంచి వచ్చిన పాకనిపుణులు దక్షిణాది పట్టణాలలో నెలకొల్పిన హోటళ్ళు ఈ అలవాటును స్థిరపరిచాయి.

ఆనాటి కాఫీ హోటలు అందరిదీ కాదు. మద్రాసు రాజధానిలోని అనేక హోటళ్ళ ముందు 'బ్రాహ్మణ' అనే మాట గల బోర్డులు వేలాడేవి. ఆ మాట వంటవాని కులాన్ని తెలిపి, ఆచారపరులకు ధైర్యం చెప్పేది. కొన్ని చోట్ల బ్రాహ్మణులకు వేరుగా గది లేదా పంక్తి ఉండేది. దళితులకు చాలా చోట్ల ప్రవేశమే లేదు. ఇంట్లో ఉన్న అంతరాలే హోటలు గడప లోపలికీ వచ్చి కూర్చున్నాయి. డబ్బు అందరి చేతిలో ఒకటే అయినా, దానితో కొనదగిన ఆసనం మాత్రం ఒకటి కాలేదు.

ఈ స్థితిని మార్చడానికి చట్టం పూనుకోవలసి వచ్చింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, భోజనశాలలలో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అడ్డు కాకూడదని ప్రకటించింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. హోటలులో ప్రజల కోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం కూడా నేరమని అది స్పష్టం చేసింది. దేశపు చట్టం ఒక పళ్ళెం గురించి, ఒక గ్లాసు గురించి మాట్లాడవలసి వచ్చిందంటే, వివక్ష ఎంత చిన్న వస్తువులో దాగి ఉండేదో ఊహించవచ్చు. ఈ చట్టాన్నే 1976లో మరింత కఠినం చేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. చట్టంతోనే పాత అలవాటు పోలేదు. హోటలు బోర్డుల మీది 'బ్రాహ్మణ' పదాన్ని తొలగించాలని 1957లో మద్రాసులో పెరియార్ ఉద్యమం నడపవలసి వచ్చింది.

హైదరాబాదులో ఇదే కథ మరొక దారిలో నడిచింది. పందొమ్మిదో శతాబ్దపు చివర, ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో ఇరాన్ నుంచి వలస వచ్చినవారు అక్కడ చాయ్ హోటళ్ళు తెరిచారు. వారికి స్థానిక కులభేదాలతో సంబంధం లేదు. పాలరాతి పలక పరచిన బల్ల చుట్టూ రిక్షా కార్మికుడు, గుమాస్తా, కవి, విద్యార్థి చేరి, ఉస్మానియా బిస్కట్టును చాయ్‌లో ముంచుకొని తినేవారు. ఒక్క చాయ్ తాగి గంటల తరబడి కూర్చున్నా లేవమనేవారు అరుదు.

నేటి పాతకాలపు టిఫిను హోటలు ఈ రెండు సంప్రదాయాలకూ వారసురాలు. దాని ఉదయం నిజానికి ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. నానిన మినపప్పును రుబ్బి, రవ్వ కలిపి ఉంచితే రాత్రంతా సూక్ష్మజీవులు పనిచేసి పిండిని పులియజేస్తాయి. అప్పుడు వెలువడే వాయువే ఇడ్లీని మెత్తగా పొంగిస్తుంది. పెసరట్టుకు పులియబెట్టడం అక్కరలేదు. నానిన పెసలలో అల్లం, పచ్చిమిర్చి చేర్చి రుబ్బిన పిండిని అప్పటికప్పుడే పెనం మీద పలుచగా పోస్తారు. పక్కన అల్లం చట్నీ, చివర స్టీలు గ్లాసులో నురుగు కట్టిన కాఫీ. సర్వరు అయిదారు బల్లల కోరికలను కాగితం లేకుండా గుర్తుంచుకొని వంటగదికి కేక వేస్తాడు. ఖాళీ ఉన్న చోట ఎవరైనా కూర్చోవచ్చు. ఎదుటివాని పేరు తెలియకపోయినా చట్నీ గిన్నె అతని వైపు జరపడం అక్కడి మర్యాద. పేపరులో ఒక పుట ఒకరు, మరొక పుట ఇంకొకరు చదువుతారు. ఒకప్పుడు చట్టం చేయించవలసి వచ్చిన పని నేడు ఇంత మామూలుగా జరిగిపోవడమే దాని గొప్పతనం.

అయినా ఆ పని పూర్తి కాలేదు. కొన్ని పల్లెలలోని టీ దుకాణాలలో దళితులకు వేరే గ్లాసు ఉంచే రెండు గ్లాసుల పద్ధతి చట్టం వచ్చిన దశాబ్దాల తరువాత కూడా బయటపడుతూ వచ్చింది. సమానత్వం కూర్చుని తినేవారితోనే ఆగిపోతే చాలదు. బల్లలు తుడిచే చేతులు ఒకప్పుడు తరచుగా పసిచేతులై ఉండేవి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను హోటళ్ళలో, టీ దుకాణాలలో పనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు నుంచి ప్రభుత్వం నిషేధించింది. 2016 సవరణ ఆ నిషేధాన్ని దాదాపు అన్ని రంగాలకూ విస్తరించింది. ఆ పిల్లవాడు బడిలో ఉన్నాడో లేదో గమనించవలసిన బాధ్యత కాఫీ తాగే ప్రతి ఒక్కరిదీ.

నేడు స్థలాల ధరలు, అద్దెలు పెరిగి పాత హోటళ్ళు ఎన్నో మూతపడుతున్నాయి. ఫోనులో కోరితే ఫలహారం ఇంటి గుమ్మానికే వస్తున్నది. రుచి అలా రావచ్చు గాని, పక్కన కూర్చునే అపరిచితుడు మాత్రం పొట్లంలో రాడు. హోటళ్ళు మారవచ్చు, వంటకాలు మారవచ్చు. ఎవరు వచ్చి కూర్చున్నా అదే బల్ల, అదే గ్లాసు అనే నియమం మాత్రం నిలవాలి. దాన్ని సంపాదించడానికి ఈ దేశానికి చాలా కాలం పట్టింది.