ఒకే ఇంట్లో రెండు మనసు జబ్బులు ఎందుకు?



"అన్నకు స్కిజోఫ్రీనియా అన్నారు. చెల్లెలికి బైపోలార్ అంటున్నారు. ఒకే కడుపున పుట్టినవారికి రెండు వేరు జబ్బులేమిటి?" మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కుటుంబాలకు కలిగే ఈ సందేహానికి జవాబు చెప్పాలనుకున్నాము.

స్కిజోఫ్రీనియాలో ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తాయి, కారణం లేని అనుమానాలు పెరుగుతాయి. బైపోలార్‌లో కొన్నాళ్లు నిద్ర అక్కరలేనంత ఉత్సాహం, విచ్చలవిడి ఖర్చు. కొన్నాళ్లు తీవ్రమైన దిగులు. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ వీటిని రెండుగా విడదీశారు.

వేరు కొంతవరకు ఒకటే

2009లో స్వీడన్‌లో 20 లక్షల కుటుంబాల వివరాలు పరిశీలించారు. ఒక జబ్బు ఉన్నవారి తోబుట్టువులలో, పిల్లలలో రెండవ జబ్బు కూడా మామూలు కంటే ఎక్కువగా కనిపించింది. 2013లో ఐదు మానసిక జబ్బుల జన్యువులను పోల్చినప్పుడు, అన్నిటికంటే దగ్గరి పోలిక ఈ రెండింటి మధ్యే ఉంది. మనకు దగ్గరలోని బెంగళూరు నిమ్హాన్స్‌లో కూడా ఇటువంటి కుటుంబాలపై పరిశోధన జరుగుతోంది.

తప్పు ఏ ఒక్క జన్యువుదో కాదు. ఎన్నో జన్యువులలోని చిన్న చిన్న మార్పులు కలిసి ప్రమాదాన్ని పెంచుతాయి. మెదడు కణాలలోకి కాల్షియం వెళ్లే ద్వారాలకు సంబంధించిన ఒక జన్యువు రెండు జబ్బులలోనూ కనిపించింది.

భయపడవద్దు

తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 100లో 10. అంటే 90 మందికి రాదు.

దాచవద్దు

పెళ్లి సంబంధాలు చెడతాయని చాలామంది ఇంటి జబ్బును దాస్తారు. "చిన్నాన్నకు గాలి సోకింది" అని ఊరుకుంటారు. కానీ దిగులుతో వచ్చిన రోగి ఇంట్లో బైపోలార్ ఉందని తెలియకపోతే, దిగులు తగ్గించే మందు ఒక్కటే ఇవ్వడం వల్ల కొందరిలో ఉన్మాదం పైకి రావచ్చు. కాబట్టి డాక్టరుకు ఇవి తప్పక చెప్పండి:

• రక్త సంబంధికులలో ఎవరికి, ఏ వయసులో, ఎలాంటి లక్షణాలు వచ్చాయి.
• వారికి ఏ మందు పనిచేసింది. లిథియం గుణమిచ్చిందా?
• ఆత్మహత్యలు, ఆత్మహత్యా ప్రయత్నాలు ఏమైనా జరిగాయా.

కొన్నేళ్ల తర్వాత జబ్బు పేరు మారినా కంగారుపడి మందులు మానవద్దు. లక్షణాలు బయటపడే కొద్దీ పేరు మారడం ఉంటుంది. అవసరమైతే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పుట్టు గ్రుడ్డివానిని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ నిందను అతనిపైనా మోపలేదు, తలిదండ్రులపైనా మోపలేదు (యోహాను 9). మనమూ మోపవద్దు. ప్రార్థించుదాము, మందులు వేయించుదాము.