పవర్ టిల్లర్ సరిగా తిరగకపోతే

పవర్ టిల్లర్‌కు స్టీరింగ్ చక్రం ఉండదు. రెండు పిడుల దగ్గర ఒక్కో లివర్ ఉంటుంది. ఎడమ లివర్ నొక్కితే ఎడమ చక్రానికి ఇంజను శక్తి అందదు. కుడి చక్రం నడుస్తూనే ఉంటుంది. కాబట్టి బండి ఎడమకు తిరుగుతుంది. పాత బుల్‌డోజర్లు కూడా ఈ సూత్రంతోనే మలుపు తిరుగుతాయి.

లోపం కనిపిస్తే ఇంజను ఆపి, ఈ వరుసలో చూడండి.

1. బండి ఒక పక్కకు లాగుతున్నదా? రెండు టైర్లలో గాలి సమానంగా ఉందేమో చూడండి.
2. లివర్ నొక్కినా తిరగడం లేదా? తీగ వదులై ఉండవచ్చు. నట్టు తిప్పి సరిచేయండి.
3. లివర్ వదిలినా తిరుగుతూనే ఉందా? తీగ తుప్పుతో ఇరుక్కొని ఉండవచ్చు. శుభ్రం చేసి నూనె వేయండి.

అప్పటికీ బాగుపడకపోతే లోపం గేరుపెట్టెలో ఉండవచ్చు. మెకానిక్‌కు చూపించండి.

జాగ్రత్త! బస్తర్ ప్రాంతంలోని తర్రెంలో ఒక రైతు టిల్లర్‌తో వాలు దిగుతున్నాడనుకుందాం. ఎడమకు తిరగాలని ఎడమ లివర్ నొక్కాడు. శక్తి అందని ఎడమ చక్రం వేగంగా దొర్లుతుంది. కుడి చక్రాన్ని ఇంజను పట్టి ఉంచుతుంది. అందువల్ల బండి కుడికి తిరుగుతుంది! ఇది యంత్రంలోని లోపం కాదు. ఈ సంగతి తెలియకపోతే మాత్రం ప్రాణాపాయం. వాలులో లివర్లు ముట్టకుండా, తక్కువ గేరులో, పిడులను చేతులతో నెట్టి తిప్పాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి:
వాలు దిగేటప్పుడు కుడి లివర్ నొక్కితే బండి ఎటు తిరుగుతుంది? ఎందుకు?