చెరువుకూ ఒక హరీమ్ ఉంది

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన కుంభవృష్టిని పాతబస్తీ వాసులు ఇప్పటికీ మరువలేదు. పల్లె చెరువు కట్ట తెగి అలీనగర్, అల్‌జుబైల్ కాలనీ నీట మునిగాయి. కొద్దిరోజులకే బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్‌బాబానగర్ వీధులలో వరద పారింది. ఆ విపత్తును దైవనిర్ణయంగా స్వీకరించి సహనం వహించడం విశ్వాసి లక్షణం. అయితే నీరు ఇళ్లమీదికి ఎందుకు వచ్చిందని ప్రశ్నించుకోవడం కూడా విశ్వాసి బాధ్యతే. చెరువుల శిఖం భూములు, నాలాలు క్రమంగా ప్లాట్లుగా మారిపోయిన నగరంలో వరద తన పాత దారిని వెతుక్కుంటూ వస్తుంది.

మదరసాలలో బోధించే 'హిదాయా' గ్రంథంలో 'ఇహ్యావుల్ మవాత్' అనే అధ్యాయం ఉంది. బీడు భూమిని సాగులోకి తెచ్చినవానికి దానిపై లభించే హక్కును అది చర్చిస్తుంది. ఆ హక్కుకు హద్దు కూడా అక్కడే ఉంది. ప్రతి బావికీ, ప్రతి ఊటకూ 'హరీమ్' ఉంటుంది. అంటే దాని చుట్టూ ఇతరులు ఆక్రమించరాని రక్షిత స్థలం. పశువులకు నీళ్లు పెట్టే బావికి నలభై మూరలు, ఊటకు ఐదువందల మూరలు అని ధర్మశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఒంటెలూ బావులూ ఉన్న కాలపు విషయమిదని విద్యార్థులు అనుకుంటారు. కాని నేటి మన భవన నిర్మాణ నియమాలు కూడా అదే మాట చెబుతున్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా ఉంచాలి. దీనినే 'బఫర్ జోన్' అంటున్నారు. పేరు వేరైనా ఉద్దేశం ఒక్కటే.

మరి చెరువు హద్దు ఎక్కడ? అలుగు అంచు వరకు నీరు నిండినప్పుడు అది ఎంత మేర పరచుకొంటుందో అదే దాని హద్దు. వేసవిలో ఎండిన నేలను చూపి, హద్దురాళ్లు పీకివేసి, "ఇక్కడ చెరువే లేదు" అని అమ్మేవారు ఉన్నారు. అటువంటి వివాదంలో నేడు ఒక కొత్త సాక్షి లభిస్తున్నాడు. అతడే ఉపగ్రహం.

అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పరంపర 1972లో మొదలైంది. నీరు పరారుణ కిరణాలను పీల్చుకొంటుంది కనుక ఆ చిత్రాలలో నల్లగా కనిపిస్తుంది. నేల, పచ్చదనం ప్రకాశవంతంగా ఉంటాయి. ఈ తేడాను ఆధారం చేసుకొని ఐరోపా కమిషన్ పరిశోధకులు, గూగుల్ సంస్థ కలిసి 1984 నుండి తీసిన దాదాపు ముప్పై లక్షల చిత్రాలను కంప్యూటర్లతో పరిశీలించి, 2016లో ప్రపంచ ఉపరితల జలాల పటాన్ని ప్రచురించారు. సుమారు 90,000 చదరపు కిలోమీటర్ల శాశ్వత జలభాగం అదృశ్యమైనట్లు అందులో తేలింది. మన దేశంలో ఇస్రో 2009లో 'భువన్' పటాలను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. వాటిని నిర్వహించే జాతీయ దూరసంవేదన కేంద్రం మన హైదరాబాదులోనే ఉంది.

చెరువును పునరుద్ధరించేవారికి ఈ పటాలు మరో విధంగానూ ఉపకరిస్తాయి. పాత సర్వే పటాన్ని, గ్రామ నక్షాను ఉపగ్రహ చిత్రంపై సరిగా అమర్చితే చెరువు ఎంత కుంచించుకుపోయిందో తెలుస్తుంది. నేల ఎత్తుపల్లాల పటాన్ని కూడా జోడిస్తే ఎగువ చెరువు అలుగు నీరు ఏ నాలా గుండా దిగువ చెరువుకు చేరేదో బయటపడుతుంది. మన చెరువులు గొలుసుకట్టుగా నిర్మించినవి. నాలా మూసుకుపోయి ఉండగా పూడిక మాత్రం తీస్తే, చెరువు లోతవుతుంది గాని నీరు రాదు.

అయితే ఈ సాక్షి మాటను కూడా పరీక్షించవలసిందే. ఏప్రిల్ నాటి చిత్రాన్ని అక్టోబరు చిత్రంతో పోల్చితే చెరువు ఎండిందని పొరబడతాం. గుర్రపుడెక్క కమ్మిన చెరువు పచ్చికబయలుగా కనిపిస్తుంది. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కొక్క చుక్క 30 మీటర్ల నేలకు సమానం కనుక చిన్న కుంట అందులో సరిగా కానరాదు. లావాదేవీలలో ఇద్దరు సాక్షులు ఉండాలని దివ్య ఖుర్ఆన్ నేర్పింది. ఇక్కడ కూడా ఉపగ్రహ చిత్రానికి తోడు రెవెన్యూ దస్తావేజులు, క్షేత్ర పరిశీలన, ఊరి పెద్దల జ్ఞాపకం తప్పనిసరి.

సాక్ష్యం తేలిన తర్వాత న్యాయం జరగాలి. శిఖం భూమిని తెలిసి అమ్మినవాడు, వాయిదాలలో డబ్బు కట్టి మోసపోయిన రిక్షా కార్మికుడు ఒకే త్రాసులో తూగరు. ఇల్లు కోల్పోయే పేదకు ముందుగా నీడ చూపకుండా చేసే పునరుద్ధరణ మరొక అన్యాయమవుతుంది. అదే సమయంలో మన వైపూ చూసుకోవాలి. జానెడు నేలనైనా అక్రమంగా తీసుకొన్నవారి పరలోక పర్యవసానాన్ని గురించి దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా హెచ్చరించారు. ఆ హెచ్చరిక నుండి మస్జిద్‌కు గాని, మదరసాకు గాని మినహాయింపు లేదు. కబ్జా చేసిన స్థలంలో నమాజును ధర్మశాస్త్రజ్ఞులు ఆక్షేపించారని మరువరాదు.

కనుక స్థలం కొనబోయే ప్రతి కుటుంబం, విరాళాలు సేకరించే ప్రతి కమిటీ ముందుగా ఒక పని చేయాలి. గూగుల్ ఎర్త్‌లో ఆ చోటును వెతికి, పాత సంవత్సరాల చిత్రాలలో వానాకాలం ముగిసిన నెలలను చూడాలి. భువన్ పటంతో సరిపోల్చాలి. సర్వే నంబరును రెవెన్యూ కార్యాలయంలో విచారించాలి. ఇంట్లో ఫోను చేతబట్టిన మన పిల్లలు ఈ పనిలో మొదటి భాగాన్ని అరగంటలో చేయగలరు. అక్కడ నీరు కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా ఆ బేరం వదులుకోవాలి.

నేలపై మనలను ప్రతినిధులుగా నిలిపిన అల్లాహ్, ఆయన అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.