గుండె ఎక్కడ అలిసింది?

నొప్పి వచ్చింది సికింద్రాబాద్‌లో. మరి జబ్బు పుట్టిందీ ఇక్కడేనా? గుండెజబ్బుతో సైన్యం నుంచి ఇంటికొచ్చిన ఎంతోమంది వైకల్య పింఛను ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది!

తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్, సైనిక్‌పురి... ఈ పేర్లు వింటే చాలు, మిలటరీ యూనిఫాం కళ్లముందు మెదులుతుంది. 1806లో కంటోన్మెంటుగా మొదలైన ఊరు మరి! బదిలీ మీద వచ్చి, ఊరు నచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్న కుటుంబాలు ఎన్నో. అలాంటి చాలా ఇళ్లలో బీరువా అడుగున ఓ ఫైలు ఉంటుంది. డిశ్చార్జి పుస్తకం, ఈసీజీ కాగితాలు, యాంజియోగ్రామ్ రిపోర్టు... అన్నిటికన్నా పైన ‘మీ అభ్యర్థనను తిరస్కరించడమైనది’ అన్న ఉత్తరం.

ఎందుకు తిరస్కరించారు? అందులోనే ఉంటుంది జవాబు... ‘నానా’!

మన భాషలో నానా అగచాట్లు అంటాం కదా, ఆ నానా కాదిది. ‘నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్’ అన్న ఇంగ్లిషు మాటలకు పొట్టిరూపం. ‘ఈ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు’ అని దాని అర్థం. ఉద్యోగం వదిలేముందు పరీక్షించే మెడికల్ బోర్డు ఈ ముద్ర వేసిందంటే, ఇక మొదలయ్యేవి నిజంగా నానా అగచాట్లే.

పద్దెనిమిదేళ్లప్పుడు ఫిట్టే!

ఒక జవాను కథ ఊహించుకుందాం. పశ్చిమగోదావరిలో ‘మిలటరీ మాధవరం’గా పేరుపడ్డ ఊరు ఉంది కదా, అలాంటి పల్లె నుంచి పద్దెనిమిదేళ్లకే భర్తీ అయ్యాడు. పరుగు పెట్టించారు. ఛాతీ కొలిచారు. గుండె, కళ్లు, చెవులు అన్నీ చూసి ‘ఫిట్’ అని రాసుకున్నారు. తర్వాత కశ్మీరు, సియాచిన్, ఈశాన్య రాష్ట్రాలు. గాలి పలచబడే ఎత్తులు, ఎముకలు కొరికే చలి, నిద్రలేని రాత్రులు. ఊళ్లో తల్లికి జబ్బు చేసినా, పిల్లాడి చదువు దెబ్బతిన్నా దూరాన్నుంచి దిగులు పడటమే.

ఇరవయ్యేళ్లు దాటాక సికింద్రాబాద్‌కు బదిలీ. సైన్యం భాషలో ఇది ‘పీస్ స్టేషన్’. హమ్మయ్య, పెళ్లాంబిడ్డలతో ఉండొచ్చు అనుకుంటుండగా ఓ ఉదయం ఛాతీలో నొప్పి! రక్తనాళాల్లో పూడికలున్నాయన్నారు డాక్టర్లు. సర్వీసు ముగిసేనాటికి బోర్డు 30 శాతం వైకల్యం అని తేల్చింది. పక్కనే ఇంకో వాక్యం... ‘జబ్బు పీస్ స్టేషన్‌లో మొదలైంది కాబట్టి సర్వీసుకు సంబంధం లేదు’.

ఇది ఊహించిన జవానే. కానీ ఇలాంటి వాక్యం చదువుకున్న కుటుంబాలు నిజంగానే ఎన్నో ఉన్నాయి.

పద్నాలుగు రోజుల లెక్క

బోర్డులు గాల్లోంచి ఏదీ రాయవు. వాటికో గైడ్ ఉంది. 2002లో తెచ్చి 2008లో సవరించిన గైడ్ ప్రకారం, గుండెపోటు వస్తే అంతకుముందు పద్నాలుగు రోజుల్లో ఆ సైనికుడు ఏ పనులు చేశాడో చూస్తారు. అసాధారణ శ్రమ, ఒత్తిడి కనబడితే సర్వీసుకు ముడిపెడతారు. ఫీల్డ్‌లో, ఎత్తయిన ప్రాంతాల్లో, తీవ్రవాద నిరోధక విధుల్లో ఉన్నవాళ్లకు ఈ దారి కాస్త సులువు.

చిక్కేమిటంటే, గుండె రక్తనాళాల్లో పూడిక పద్నాలుగు రోజుల్లో పేరుకునేది కాదు. ఏళ్ల తరబడి మెల్లగా పేరుకుంటుంది. నొప్పి తెలిసిన చోటే జబ్బు పుట్టిన చోటు అనుకుంటే, అంతకుముందు గడిచిన ఇరవయ్యేళ్లు ఏమైనట్టు?

అయితే ప్రభుత్వం వాదననూ కొట్టిపారేయలేం. గుండెజబ్బు ఆఫీసు గుమాస్తాకూ వస్తుంది, కిరాణా కొట్టు యజమానికీ వస్తుంది. పొగతాగడం, బరువు పెరగడం, వంశంలో ఉండటం... కారణాలెన్నో. పొగాకు, మద్యం అతిగా వాడటం వల్ల వచ్చిన వైకల్యానికి పింఛను లేదని నిబంధనలే చెబుతున్నాయి. మరి ఒక మనిషి గుండెలో ఏది ఎంత పాపం చేసిందో తేల్చేదెవరు? ముఖ్యంగా, నిరూపించాల్సింది ఎవరు?

భారం ఎవరిది?

దీనికి సుప్రీంకోర్టు 2013లో స్పష్టమైన జవాబు చెప్పింది. ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడిది మూర్ఛవ్యాధి కేసు, గుండెజబ్బు కాదు. కానీ అందులో చెప్పిన సూత్రం అన్ని జబ్బులకూ అండగా నిలిచింది. సైన్యంలో చేరేనాడు రికార్డులో ఏ జబ్బూ రాయకపోతే, ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదంటే, ఆ మాట నిరూపించాల్సింది ప్రభుత్వమే. బోర్డు కారణాలు కూడా రాయాలి. ఉత్తినే ‘సంబంధం లేదు’ అంటే చెల్లదు.

మరో ఊరట 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో దొరికింది. సర్వీసు పూర్తిచేసి రిటైరైనవారికీ శాతాన్ని పైకి సవరించే వెసులుబాటు వర్తిస్తుందంది సుప్రీంకోర్టు. 50 శాతం కన్నా తక్కువుంటే 50గా లెక్కిస్తారు. నూరు శాతం వైకల్యానికి ఇచ్చేది చివరి జీతంలో 30 శాతం. జీతం 40 వేల రూపాయలైతే 12 వేలు. 30 శాతం వైకల్యానికి 3,600 రావాలి. దాన్ని 50గా సవరిస్తే 6,000! మామూలు పింఛనుకు ఇది అదనం. మందుల చీటీ చూసి నిట్టూర్చే ఇల్లాలికి ఆ తేడా ఏమిటో తెలుసు.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ తేదీ తర్వాత రిటైరైనవారు వాటినే చూసుకోవాలి.

మెట్లు ఇవీ...

తిరస్కరణ ఉత్తరం రాగానే ఫైలు మూసేయక్కర్లేదు. మొదటి అప్పీలు, అదీ కాదంటే రెండో అప్పీలు సైన్యం, రక్షణశాఖ కమిటీల ముందే చేసుకోవచ్చు. ఆ తర్వాత సాయుధ దళాల ట్రైబ్యునల్. 2007లో చట్టం వచ్చింది, 2009లో ట్రైబ్యునల్ మొదలైంది. న్యాయమూర్తిగా పనిచేసినవారితో పాటు సైన్యంలో పెద్ద హోదాలో చేసినవారూ బెంచిలో కూర్చుంటారు. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. తుది ఉత్తర్వు అందిన ఆరునెలల్లో వెళ్లాలి. అప్పీలుకు ఆరునెలలైనా జవాబు రాకపోయినా వెళ్లొచ్చు. ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని కోరవచ్చు. ట్రైబ్యునల్ తీర్పుపై హైకోర్టుకూ వెళ్లే వీలుందని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక్క జాగ్రత్త. 2008 నిబంధనల ప్రకారం రిటైరైన పదిహేనేళ్ల తర్వాత దరఖాస్తు చేస్తే నిరూపించే భారం దరఖాస్తుదారు మీదే పడుతుంది. కారణం? నిర్ణీత గడువు దాటాక సర్వీసు పత్రాలను సైన్యం నాశనం చేస్తుంది. అప్పుడిక మీ బీరువాలోని కాగితమే సాక్షి!

కాబట్టి మెడికల్ బోర్డు ప్రతిని అడిగి తీసుకోండి. ఏ ఏడాది ఎక్కడ పనిచేశారో, ఎప్పుడు ఆసుపత్రిలో చేరారో వరసగా రాసుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సలహా అడగండి.

మీ ఇంట్లో నాన్నో, మామయ్యో, తాతయ్యో సైన్యంలో చేశారా? వాళ్లకు ఇంగ్లిషు ఉత్తరాలంటే విసుగు, ఎవరినీ అడగాలంటే మొహమాటం. ఈ ఆదివారం మీరే ఆ ఫైలు తీసి పక్కన కూర్చోండి. ఏ కొండమీద ఎన్నాళ్లున్నారో అడిగి రాసుకోండి. నొప్పి ఎక్కడ వచ్చిందో బోర్డు ఎలాగూ రాసింది. ఆ గుండె ఎక్కడెక్కడ అలిసిందో చెప్పగలిగింది వాళ్లొక్కరే.