ఎండు చొప్పలో పోయిన పచ్చదనం

వేసవి వచ్చిందంటే హాలహర్వి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పాడి పశువుకు దక్కేది ఎక్కువగా జొన్న చొప్ప, వేరుశనగ కట్టె. వాటితో కడుపు నిండుతుంది. అయితే పచ్చగా కోసిన చొప్ప వాములో చేరేసరికి వెలిసిపోతుంది. ఆ రంగుతో పాటే కెరోటిన్, విటమిన్ ఇ చాలావరకు ఎండకూ గాలికీ నశిస్తాయి. రెండూ యాంటీ ఆక్సిడెంట్లే, అంటే ఫ్రీ రాడికల్స్‌ను అదుపులో పెట్టేవి.

ఒళ్లు శక్తిని తయారుచేసుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. కొంత వరకు అవసరమే. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి వాడే ఆయుధాల్లో అవీ ఉన్నాయి. మితిమీరితే కణాల పొరల్లోని కొవ్వును చెడగొడతాయి, ఆ చెడు పక్క అణువుకూ అంటుకుంటుంది. పొరలోనే ఉండే విటమిన్ ఇ దాన్ని ఆపుతుంది. సెలీనియం ఉన్న ఒక ఎంజైము దానికి తోడు నిలుస్తుంది.

ఈనడానికి ముందూ వెనకా కొన్ని వారాలు గడ్డుకాలం. మేత తగ్గుతుంది, ఒంట్లో కొవ్వు కరుగుతుంది, రక్తంలో విటమిన్ ఇ పడిపోతుంది. పొదుగువాపు ఎక్కువగా వచ్చేది అప్పుడే. అమెరికాలోని ఒహాయోలో స్మిత్ అనే పరిశోధకుడి బృందం పాలు వట్టిపోయిన చూడి ఆవులకు విటమిన్ ఇ ఇస్తే, బయటపడే పొదుగువాపు 37 శాతం తగ్గిందని 1984లో ప్రకటించింది.

మునగాకులో విటమిన్ ఇ, కెరోటిన్, పాలీఫినాల్స్, మాంసకృత్తులు అన్నీ ఉన్నాయి. పసుపులో కర్కుమిన్ ఉంది కానీ తినిపిస్తే రక్తంలోకి చేరేది బహు తక్కువ. చాలా పాలీఫినాల్స్‌ను పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే ముందు విరగ్గొడతాయి. అందుకే డబ్బాల్లో అమ్మే మొక్కల సారాల కన్నా గట్టు మీది మునగచెట్టునే నేను నమ్ముతాను.

పైపూతగా మాత్రం పసుపు పనికొస్తుంది. పొదుగువాపుకు జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేస్తున్న ముద్దలో కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 ఉంటాయి. సున్నం తగలగానే పసుపు ఎర్రబారుతుంది. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి, ముద్దను నీళ్లతో పలుచన చేసి రోజుకు చాలాసార్లు పూయాలి. జ్వరం ఉన్నా, పాలలో రక్తం పడినా పశువైద్యుడిని పిలవాల్సిందే.

తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే చోట పచ్చిమేతగా కాస్త లూసర్న్ వేసుకోవచ్చు. పచ్చిమేత కరువైందని వాన లేక వాడిన లేత జొన్ననూ, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకలనూ మేపొద్దు. వాటి నుంచి సైనైడ్ విషం (నాము) పుడుతుంది. నాము తగిలిన పశువు నిమిషాల్లో కూలిపోవచ్చు.