షెడ్డులో పాత కారు: ఉంచాలా, ఒగ్గేయాలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్ళలో ఇలాంటి కారు ఒకటి కనిపిస్తుంది. రేకుల షెడ్డు కింద, టార్పాలిన్ కప్పి, ఇటుకల దొంతర్ల మీద నిలబెట్టి ఉంటుంది. అంబాసిడర్ కావచ్చు, ప్రీమియర్ పద్మిని కావచ్చు, జీపు కావచ్చు, మొదటి తరం మారుతి 800 కావచ్చు. బాగు చేయించి నడుపుదామని కొన్నదో, నాన్న నడిపిన బండి అని దాచుకున్నదో అయి ఉంటుంది. ఇంజను ఒక మెకానిక్ దగ్గర, సీట్లు అటక మీద, డోరు అద్దాలు మంచం కింద. ఏటా ఎంతో కొంత డబ్బు పడుతూనే ఉంటుంది, బండి మాత్రం రోడ్డెక్కదు. ఓనరు గల్ఫ్‌లోనో షిప్పులోనో ఉంటే సెలవు మీద వచ్చినప్పుడల్లా ఇంట్లో ఇదే మాట: ఉంచుతావా, ఒగ్గేస్తావా?

ఏదీ తేల్చకుండా అలా వదిలేయడం ఒకప్పుడు పెద్దగా నష్టం లేని పని. ఇప్పుడు అలా కాదు. పాత బండ్ల ఫీజులు నాలుగేళ్ళలో రెండుసార్లు పెరిగాయి. కాగితం గడువు దాటిన ప్రతి నెలకూ జరిమానా లెక్క పడుతుంది. కాబట్టి ఇంజను సంగతి చూసే ముందు ఆర్సీ బయటికి తీయాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. లక్ష పెట్టి పెయింటింగ్ దాకా తెచ్చాక, రిజిస్ట్రేషన్ నిలబడదని తెలుస్తుంది.

ముందు కాగితం

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి, ఫారం 25 పెట్టి, ఐదేసి సంవత్సరాలకు రెన్యూవల్ చేయించుకోవాలి. 15 ఏళ్ళు దాటితే కారు తుక్కు కింద పోవాల్సిందే అని ఊళ్ళలో ఒక మాట నడుస్తోంది. అది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించిన కోర్టు ఆదేశాల వల్ల వచ్చిన గందరగోళం. మన దగ్గర సొంత కారుకు అలాంటి నిషేధం లేదు. ఫిట్‌నెస్ ఉంటే నడపొచ్చు, ఫీజు మాత్రం కట్టాలి.

ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 ముందు 600 రూపాయలు. ఆ రోజు నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో కేంద్రం నిబంధనలు మళ్ళీ సవరించి, 20 ఏళ్ళు దాటిన కారుకు 10,000 చేసింది. గడువు దాటాక దరఖాస్తు చేస్తే నెలకు 500 అదనం. లెక్క చూద్దాం. 20 ఏళ్ళు దాటిన ఒక కారు ఆర్సీ గడువు ముగిసి ఆరేళ్ళు అయిందనుకుందాం. 72 నెలలు, నెలకు 500 చొప్పున 36,000. దానికి రెన్యూవల్ 10,000 కలిపితే 46,000. ఇంకా గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, కొత్త నంబర్ ప్లేటు ఉన్నాయి. ఒక్క బోల్టు కూడా తిప్పకుండానే ఇంత. అందుకే పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి ఎంత కట్టాల్సి వస్తుందో ముందే చూసుకోవాలి.

నంబరు కొడితే వివరాలే రాకపోవచ్చు. పుస్తకం రూపంలో ఉన్న పాత ఆర్సీలు కొన్ని ఆన్‌లైన్‌లోకి ఎక్కలేదు. అలాంటప్పుడు రవాణా ఆఫీసులో పాత రిజిస్టరు చూపించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి. ఏపీ 30, ఏపీ 35 నంబర్లకు ఇది అయ్యే పనే. ఇచ్ఛాపురం, పలాస వైపు ఇంకో చిక్కు ఉంది. అక్కడి షెడ్లలో ఒడిశా నంబరు బండ్లు ఉంటాయి, బరంపురం నుంచో పర్లాకిమిడి నుంచో చవకగా వచ్చినవి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తేవాలి. అసలు ఓనరు ఎవరో తెలియని ఒడిశా బండి అయితే, దాని మీద ఇంకొక రూపాయి కూడా పెట్టకపోవడమే మంచిది.

ఇంజను మార్చిన బండ్ల సంగతి వేరు. అంబాసిడర్‌లో వేరే కంపెనీ డీజిల్ ఇంజను, జీపులో ఇంకో బండి ఇంజను పెట్టడం ఇక్కడ మామూలే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా మార్పు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆర్సీలో ఒక ఇంజను నంబరు, బండిలో ఇంకొకటి ఉంటే రెన్యూవల్ దగ్గర ఆగిపోతుంది.

"యాభై ఏళ్ళు ఆగితే వింటేజ్ అవుతుంది, రేటు పెరుగుతుంది" అనేవాళ్ళూ ఉన్నారు. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు చదివితే ఆ ఆశ కొంచెం తగ్గుతుంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. ఛాసీస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఆ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు కొట్టించడానికి, రిపేరుకు తప్ప రోజువారీ పనికి రోడ్డు మీద తిప్పకూడదు. కూతుర్ని కాలేజీలో దింపడానికి పనికిరాదు.

తర్వాత తుప్పు

కాగితం సరిగ్గా ఉంటే ఇప్పుడు బండి కింద పడుకుని చూడాలి. మన జిల్లాల్లో పాత కారుకు అసలు శత్రువు ఇంజను కాదు, ఉప్పు గాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు చింతపల్లి తీరం పక్క ఊళ్ళలో ఉన్న బండికీ, బొబ్బిలి, రాజాం లోపల ఉన్న బండికీ తేడా ఇనుము మీదే తెలుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు షెడ్లు ఎగిరిపోయి కార్లు తడిశాయి. పైన పెయింటు బాగానే కనిపిస్తున్నా, నీళ్ళు డోరు కింద, ఫ్లోరు మడతల్లో నిలిచి లోపలి నుంచి తినేస్తాయి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలియాలి. జీపుకు ఛాసీస్ వేరు, బాడీ వేరు. బాడీ పూర్తిగా పోయినా ఛాసీస్ గట్టిగా ఉంటే ఇంకో బాడీ ఎక్కించొచ్చు. అంబాసిడర్, పద్మిని, మారుతి 800 అలా కాదు. వాటిలో బాడీయే బరువు మోస్తుంది. డోర్ల కింద పొడవుగా ఉండే పెట్టె లాంటి భాగం, జాకీ పెట్టే చోటు, వెనక కమాన్లు బిగించిన చోటు తుప్పు తింటే అది అందం సమస్య కాదు, ప్రాణం సమస్య. స్క్రూడ్రైవర్ మొనతో అక్కడ గట్టిగా నొక్కి చూడాలి. టంగుమంటే సరే. మొన లోపలికి దిగితే ఆ చోట రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాల్సిందే. పైన పుట్టీ రాసి రంగు కొట్టేస్తే ఆరు నెలల ముచ్చట. డోర్లు వేసేటప్పుడు రాసుకుంటున్నాయా, నాలుగు వైపులా సందు ఒకేలా ఉందా చూడాలి. నడుము వంగిన కారులో ఆ సందులు తేడాగా వస్తాయి.

లారీలకు పేరున్న సాలూరులోనో, విశాఖ ఆటోనగర్‌లోనో మంచి టింకరింగ్ మేస్త్రీ దొరుకుతాడు. కానీ లారీ బాడీ కట్టే చేతికీ, పల్చటి కారు రేకు అతికే చేతికీ తేడా ఉంది. అతను చేసిన పాత కారు ఒకటి చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి.

ఇంజను చాలాకాలం తిరగకపోతే వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, రెండు రోజులు ఆగి, క్రాంకు పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. తిరిగితే సగం దిగులు పోయినట్టే. ట్యాంకు కూడా విప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నిలబడి ఉన్న బండిలో ఆ నీరు అడుగున చేరి ట్యాంకునూ కార్బురేటర్‌నూ పాడు చేస్తుంది. పాత రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దానికి తట్టుకోకపోవచ్చు. బండిని రోడ్డెక్కించాలంటే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

విడిభాగాల విషయంలో మారుతి 800 అదృష్టవంతురాలు. తయారీ 2014 జనవరిలో ఆగినా అదే 796 సీసీ ఇంజను ఓమ్నీలో కూడా ఉంది కాబట్టి సామాను దొరుకుతోంది. అంబాసిడర్ 2014 మేలో ఆగింది, దాని ఇంజను సామాను ఇంకా దొరుకుతుంది గానీ బీడింగులు, లైట్ల గాజులు, అసలు డోరు హ్యాండిళ్ళ కోసం ఊళ్ళు తిరగాలి. పద్మిని, కాంటెసా అయితే ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంకో చచ్చిన బండి కొని విప్పుకోవడమే దారి. షెడ్డులో ఒక కారు కాస్తా రెండు కార్లు అవడం ఇలాగే మొదలవుతుంది.

పెట్టిన డబ్బు సంగతి

"ఇప్పటికే రెండు లక్షలు పెట్టాను, ఇప్పుడెలా ఒగ్గేస్తాను?" చాలామందిని పట్టి ఉంచేది ఈ మాటే. బీకాం కాస్టింగ్ పుస్తకంలో దీన్ని సంక్ కాస్ట్ అంటారు. ఏ నిర్ణయం తీసుకున్నా తిరిగి రాని ఖర్చు. ఉంచినా ఆ రెండు లక్షలు రావు, అమ్మినా రావు. కాబట్టి లెక్కలోంచి దాన్ని తీసేసి, ఈ రోజు నుంచి పూర్తి చేయడానికి ఎంత అవుతుంది, పూర్తయ్యాక ఆ కారు ఇంటికి ఎంత విలువ అని మాత్రమే చూడాలి. విలువ అంటే అమ్మకం రేటు మాత్రమే కాదు. అబ్బా చేతి వాసన ఉన్న స్టీరింగుకు రేటు కట్టలేం. అయితే ఆ యాద్గార్ కోసం కారు మొత్తం ఉంచాలా, స్టీరింగు ఉంచితే చాలదా అని ఇంట్లో కూర్చుని అడుగుకోవచ్చు.

ఈ చిక్కు నవాబులకూ తప్పలేదు. చరిత్ర రచయిత విలియం డాల్రింపుల్ 2007లో రాసిన వ్యాసం ప్రకారం, 1967లో ముకర్రం జా నిజాం వారసుడిగా గద్దెనెక్కేనాటికి గ్యారేజీలో 60 కార్లు ఉన్నాయి. పెట్రోలుకు, విడిభాగాలకు ఏటా 45,000 పౌండ్ల లెక్క నడిచేది. వాటిలో నడిచేవి నాలుగు. పట్టాభిషేకం రోజు ఆయన ఎక్కాల్సిన కారు కూడా మొరాయించింది. ఆ కార్లు ఎవరికి పనికొచ్చాయో గానీ ఖర్చు మాత్రం ఆగలేదు.

లెక్క తేలాక ఉంచాలనే అనిపిస్తే, లక్ష్యం చిన్నది చేసుకోవడం మంచిది. షోరూం మెరుపు పక్కన పెట్టి, బ్రేకులు, లైట్లు, టైర్లు, ఫ్లోరు బాగు చేసి ఫిట్‌నెస్ తెచ్చుకుంటే ఆదివారం రామతీర్థం దాకా వెళ్ళి రావొచ్చు. మిగతాది తర్వాత. ఓనరు ఏడాదిలో నెల రోజులే ఊళ్ళో ఉంటే మాత్రం ఇదీ కష్టమే. దగ్గరుండి చూసుకోని పని గ్యారేజీలో ఎప్పుడూ వెనక్కే పోతుంది.

ఒగ్గేస్తే పూర్తిగా ఒగ్గేయాలి

అసలు ప్రమాదం ఇక్కడే. పాత ఇనుము వాళ్ళకు తూకానికి ఇచ్చేసో, తెలిసినవాడికి స్టాంపు కాగితం మీద రాసిచ్చేసో చేతులు దులుపుకుంటారు. ఆర్సీలో పేరు అలాగే ఉంటుంది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 2009లో ప్రమాదం జరిగేనాటికే ఆ కారు చేతులు మారిపోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి ఓనరు పేరు మీదే ఉంది. చట్టం దృష్టిలో రిజిస్టర్‌లో పేరున్నవారే ఓనరు కాబట్టి పరిహారం బాధ్యత ఆయనదే అని కోర్టు తేల్చింది. అయిదు వేలకు అమ్మిన తుక్కు కారుతో లక్షల పరిహారం మెడకు చుట్టుకోవచ్చు.

బాగు చేసుకునే ఆసక్తి ఉన్నవాళ్ళకు అమ్మితే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేయాలి. కొత్త పేరు ఎక్కిందో లేదో నెల తర్వాత ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. తుక్కుకు ఇస్తే ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వాలి. వాటి జాబితా పరివాహన్‌లో ఉంటుంది. అక్కడ డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో కొత్త కారు కొంటే జీవితపన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని 2021 అక్టోబరు కేంద్ర నిబంధన చెబుతోంది. రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో కొనే ముందు అడగాలి. ఇంట్లోనే విప్పి విడిభాగాలుగా అమ్మేసినా 55వ సెక్షన్ ప్రకారం బండి ఇక పనికిరాదని రాసిచ్చి, ఆర్సీ అప్పగించి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి.

కారు చనిపోయిన తండ్రి పేరు మీద ఉంటే ఈ దారులేవీ నేరుగా తెరుచుకోవు. ముందు వారసుల పేరుకు మారాలి. మరణించిన 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టాలి. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం అడుగుతారు. ముస్లిం కుటుంబాల్లో ఆ కారు కూడా తర్కాలో భాగమే, తల్లికి, అక్కచెల్లెళ్ళకూ అందులో వాటా ఉంటుంది. షెడ్డు పెద్దన్న ఇంట్లో ఉంది కదా అని ఆయనొక్కడే బేరం కుదుర్చుకుంటే చెల్లదు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడి సంతకం కోసం ఈ పని ఏళ్ళ తరబడి ఆగిపోతుంది. అతను ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు మొదటి వారంలోనే ఆ కాగితాల మీద సంతకం పెట్టించుకోవాలి.