సత్రంలో కత్తి, కోటలో కత్తి

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి జాతరకు వచ్చిన పిల్లాడు అంగట్లో ప్లాస్టిక్ కత్తి కొనిపించుకున్నాడంటే, ఇక దారిపొడవునా వాళ్ల నాన్నే పాత సినిమాల విలన్ రాజనాల!

కత్తి మీద ఈ మోజు మనొక్కరిదే కాదు. 1966లో హాంకాంగ్‌లో షా బ్రదర్స్ సంస్థకు కింగ్ హు తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'లో గోల్డెన్ స్వాలో అనే కత్తివీరురాలు సత్రంలో ఒంటరిగా కూర్చుంటుంది. చుట్టూ బందిపోట్లు. కత్తి వెంటనే దూయరు. ముందు చూపులు, నిశ్శబ్దం, కవ్వింపు. అసలు రుచి ఆ ఆలస్యంలోనే ఉంది. ఆ పాత్ర వేసిన చెంగ్ పే పే బ్యాలే నేర్చిన అమ్మాయి. పోరాటాలు కూర్చిన హాన్ యింగ్‌జియే పెకింగ్ ఒపెరా నుంచి వచ్చినవాడు. అందుకే ఆ పోరులో నరకడం కన్నా నాట్యమే ఎక్కువ. ఆదోని దాటితే వచ్చే బళ్లారి సీమలో బయలాట అనే జానపద నాటకం చూసినవాళ్లకు ఈ అడుగుల లెక్క కొత్తేమీ కాదు.

మన దగ్గర ఈ కత్తి మోజు తీర్చే పని జానపద చిత్రాలు చేశాయి. కర్ణాటక నుంచి వచ్చిన విఠలాచార్య 1963లో ఎన్టీఆర్‌తో 'బందిపోటు' తీశారు. కాంతారావుకైతే కత్తి ఇంటిపేరే అయిపోయింది.

తేడా ఒకటుంది. మన వీరుడు రాజ్యం గెలిచి రాకుమారిని పెళ్లాడతాడు. చైనా కత్తివీరుడికి సింహాసనంతో పనిలేదు. మాట నిలుపుకుని దారిన పోతాడు. కింగ్ హు 'ఎ టచ్ ఆఫ్ జెన్'లోని వెదురువనం పోరు 1975లో కాన్ చిత్రోత్సవం దాకా వెళ్లింది. 2000లో 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' మళ్లీ వెదురుకొమ్మలెక్కింది. అందులో విలన్ ఎవరనుకున్నారు? ఆనాటి చెంగ్ పే పే!